ఏడు శతాబ్దాల నరహరి తీర్థులు

నరహరి తీర్థులు ద్వైత మతాన్ని స్థాపించిన మధ్వాచార్యులకు ప్రత్యక్ష శిష్యులు. సన్యాసి అయి ఉండి కూడా కళింగ రాజ్య వ్యవహారాలు చూసినవారు. 1264 మొదలు 1290ల దాకా, సుమారు ముప్పై ఏళ్ల పాటు, శ్రీకూర్మం, సింహాచలం శాసనాల్లో ఆయన జాడ కనిపిస్తుంది. బాగా ముదిమి వయసులో, 1324లో, మధ్వ పీఠమెక్కారు. 1333లో తుంగభద్ర ఒడ్డున తనువు చాలించారు. అప్పటి నుంచి ఏడు వందల ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఏటా పుష్య బహుళ సప్తమి నాడు ఆయన ఆరాధన జరుగుతుంది. మాధ్వుల ఇళ్లలో గురువులను వరుసగా తలుచుకునేటప్పుడు మధ్వాచార్యులు, పద్మనాభ తీర్థుల తర్వాత వచ్చే పేరు ఆయనదే.

ఆయన పనిచేసిన నేల ఉత్తరాంధ్ర. గరివిడి స్టేషన్లో విశాఖ వైపు బండెక్కితే విజయనగరం దాటాక సింహాచలం. ఎదురు వైపు బండెక్కి చీపురుపల్లి, పొందూరు, దూసి దాటి ఆముదాలవలసలో దిగితే, శ్రీకాకుళం మీదుగా శ్రీకూర్మం. ఈ రెండు కొసల మధ్యనే నరహరి తీర్థుల జీవితంలో పెద్ద భాగం గడిచింది. అయినా ఇక్కడి జనం నోట ఆయన పేరు అంతగా వినబడదు. ఉడుపిలో, హంపీలో, మంత్రాలయంలో వినబడుతుంది. ఒక తత్త్వవేత్త పేరు ఇన్ని తరాలు ఎలా నిలుస్తుంది, కొన్ని చోట్లే ఎందుకు నిలుస్తుంది అని అడిగేవారికి ఆయన కథలో జవాబు దొరుకుతుంది. ఆయన పేరును మోసుకొచ్చినవాటిలో సొంత గ్రంథాల పాలు తక్కువ. రోజూ జరిగే పూజ, పాడుకునే పాట, పారాయణ చేసే గురుపరంపర, వీటి పాలు ఎక్కువ.

గంగరాజుల కళింగం

పదమూడో శతాబ్దంలో ఈ ప్రాంతమంతా తూర్పు గంగరాజుల ఏలుబడిలో ఉండేది. మొదట్లో వాళ్ల రాజధాని కళింగనగరం, అంటే వంశధార ఒడ్డున ఉన్న నేటి ముఖలింగం. తర్వాత కటకానికి మారింది. రాజధాని ఉత్తరానికి పోయినా గంగరాజులకు దక్షిణ కళింగం మీద శ్రద్ధ తగ్గలేదు. కోణార్క సూర్యాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడి ఆజ్ఞతోనే సింహాచలంలో ఇప్పుడు కనిపించే ప్రధానాలయం లేచింది. ఆ పని 1260లలో, ఆయన కొడుకు మొదటి భానుదేవుడి కాలానికి పూర్తయింది. భానుదేవుడి తర్వాత రెండో నరసింహదేవుడు గద్దెనెక్కాడు. నరహరి తీర్థులు కళింగంలో ఉన్నది ఈ ఇద్దరి కాలంలో.

రాజు పెద్ద గుడి కట్టించిన చోట దానాలు పెరుగుతాయి. దానాలు పెరిగిన చోట లెక్కలు చూసేవారు, తగవులు తీర్చేవారు, పూజ పద్ధతి నిర్ణయించేవారు కావాలి. శ్రీకూర్మం, సింహాచలం స్తంభాల మీద చెక్కినవాటిలో చాలావరకు ఇలాంటి లెక్కలే. స్వామి ముందు అఖండదీపం వెలగడానికి ఎవరెన్ని మాడలు ఇచ్చారు, ఎన్ని ఆవులు ఇచ్చారు, ఏ పూట నైవేద్యానికి ఏ భూమి రాసిచ్చారు, ఆ దీపాన్ని చూసుకోవలసింది ఎవరు అన్న వివరాలు వరుసగా ఉంటాయి. ఆ శాసనాల నడుమ ఒక ద్వైత యతి పేరు కనబడటం మామూలు విషయం కాదు.

మఠాల సంప్రదాయం ప్రకారం నరహరి తీర్థుల పూర్వాశ్రమ నామం శ్యామశాస్త్రి. కళింగ రాజుల కొలువుతో సంబంధం ఉన్న పండిత కుటుంబం. ఉత్తర యాత్ర నుంచి తిరిగి వస్తున్న మధ్వాచార్యులు గోదావరి తీరంలో వాదాలు చేసినప్పుడు ఇద్దరు పేరున్న పండితులు ఆయనకు శిష్యులయ్యారని చెబుతారు. ఒకరు శోభనభట్టు. ఆయనే తర్వాత పద్మనాభ తీర్థులు. రెండోవారు శ్యామశాస్త్రి. ఉడుపి దగ్గర పాజకలో పుట్టిన మతం తొలి నాళ్లలోనే పడమటి కనుమలు దాటి తెలుగు నేల మీద ఇద్దరు పెద్ద గురువులను సంపాదించుకుంది. మధ్వుల తర్వాత పీఠమెక్కిన తొలి ఇద్దరూ వీళ్లే.

శిష్యుడు గురువు వెంట ఉడుపికి పోవాలనుకున్నాడు. గురువు వద్దన్నారు. కళింగంలోనే ఉండి రాజ్యానికి సాయపడుతూ, మత ప్రచారం చేస్తూ, రాజ భాండాగారంలో ఉన్న మూలరామ, సీతా విగ్రహాలను సంపాదించమన్నారు. ఇది సంప్రదాయం చెప్పే కథ. సన్యాసి ముప్పై ఏళ్లు రాజాస్థానంలో ఎందుకున్నాడన్న ప్రశ్నకు ఆ కథలో ఒక జవాబు ఉంది. శాసనాలు చెప్పేది మరో వైపు నుంచి.

1281 నాటి శాసనం

శ్రీకూర్మం గార మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. విష్ణువును కూర్మావతారంలో కొలిచే గుళ్లు దేశంలో అరుదు. ఇక్కడి కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఎదుట శ్వేత పుష్కరిణి. పితృకార్యాలకు కాశీతో సమానమని నమ్మి జిల్లాలు దాటి వస్తారు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలు, స్తంభాల మీద శాసనాలు.

వాటిలో శక సంవత్సరం 1203, అంటే క్రీ.శ. 1281 నాటి శాసనం నరహరి తీర్థులది. తొమ్మిది సంస్కృత శ్లోకాల్లో ఉంటుంది. దాన ధర్మాల పట్టికతో మొదలుకాదు. ముందు పురుషోత్తమ తీర్థులనే యతిని స్తుతిస్తుంది. అచ్యుతప్రేక్షులని మధ్వ సంప్రదాయం పిలిచే గురువు ఈయనే. తర్వాత ఆయన శిష్యుడు ఆనందతీర్థుల స్తుతి. వ్యాసుడి సూత్రాలకు భాష్యం రాసినవారని శాసనం చెప్పే ఈ ఆనందతీర్థులే మధ్వాచార్యులు. ఆ పిమ్మట నరహరి తీర్థుల వంతు. కళింగ ప్రజలను ధర్మంతో కాపాడాడని, శబరుల దాడి నుంచి శ్రీకూర్మాన్ని రక్షించాడని, కూర్మేశ్వరుడి ఎదుట యోగానంద నరసింహుడికి గుడి కట్టి ప్రతిష్ఠ చేశాడని చెబుతుంది.

గురువుకు గురువు, గురువు, శిష్యుడు. మూడు తరాలు ఒకే రాతి మీద ఉన్నాయి. ఒక దర్శనం పుట్టిన తరంలోనే, ఆ దర్శనకర్త ప్రత్యక్ష శిష్యుడే చెక్కించిన వాంగ్మూలం దొరకడం భారతీయ తత్త్వ చరిత్రలో చాలా అరుదు. శంకరుల కాలం గురించి నేటికీ వాదాలే. మధ్వుల విషయంలో శ్రీకాకుళం జిల్లా రాయి సాక్ష్యం చెబుతుంది.

శబరుల ప్రస్తావన దగ్గర కొంచెం ఆగాలి. శబరులంటే నేటి సవరల పూర్వీకులని చాలామంది అంటారు. శాసనం గుడి తరఫున, గద్దె తరఫున మాట్లాడుతుంది. కొండల మీది వాళ్లు కిందికి ఎందుకు దిగారో, ఎవరి భూమి ఎవరికి దానమైందో ఆ శ్లోకాల్లో లేదు. సవరల వైపు మాటను రాతి మీద చెక్కించినవారు లేరు. నరహరి తీర్థుల పాలనను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు. అదే సమయంలో, తత్త్వవేత్త ఏకాంతంలో కూర్చుని గ్రంథాలు రాసుకునేవాడన్న ఊహను ఈ శాసనం చెరిపేస్తుంది. ఈయన ఊరి రక్షణ కూడా చూశారు.

విళంబి లెక్క

ఈ శాసనాన్ని హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా ఆరో సంపుటిలో ప్రకటించారు. దాంతో మధ్వాచార్యుల కాల నిర్ణయం కొత్త మలుపు తిరిగింది.

మఠాల పాత జాబితాల్లో మధ్వుల జననం శక 1040 విళంబి, నిర్యాణం శక 1119 పింగళ అని ఉంది. అంటే 1118 నుంచి 1197 దాకా. మధ్వులు తన మహాభారత తాత్పర్య నిర్ణయంలో ఇచ్చిన కలి సంవత్సరాన్ని బట్టి చూస్తే 1199 ప్రాంతం వస్తుంది. ఈ రెంటిలో ఏది పట్టుకున్నా నరహరి తీర్థుల శాసనాలతో పొసగడం కష్టం. 1197లో పోయిన గురువుకు శిష్యుడై 1290లలో కళింగంలో పనిచేయడం ఎవరికీ సాధ్యం కాదు. 1199లో పుట్టారనుకున్నా, మఠాల జాబితాలు చెప్పే పీఠాధిపతుల ఏళ్లతో లెక్క చిక్కుపడుతుంది.

అరవై ఏళ్ల చక్రం తెలిసిన తెలుగువారికి దీని విడుపు సులువుగా అందుతుంది. సంవత్సరం పేరు సరిగ్గా గుర్తుండి, చక్రం సంఖ్య తప్పడం పాత లెక్కల్లో మామూలే. 1118 విళంబికి రెండు చక్రాలు, అంటే నూట ఇరవై ఏళ్లు కలిపితే 1238. అదీ విళంబే. పింగళకు అలాగే కలిపితే 1317. ఈ లెక్కన గురువు 1317 దాకా ఉన్నారు. శిష్యుడు అంతకు ముందు దశాబ్దాల్లో కళింగంలో పనిచేసి, 1324లో పీఠమెక్కారు. అన్నీ ఒక వరుసలోకి వస్తాయి. ద్వైత వేదాంత చరిత్రను సమగ్రంగా రాసిన బి.ఎన్.కె. శర్మ ఈ కాలాన్నే సమర్థించారు. 1199 పక్షాన్ని వదలనివారు ఇప్పటికీ ఉన్నా, మధ్వుల కాలం 1238-1317 అన్నది పుస్తకాల్లో స్థిరపడిపోయింది. మొన్న 2018లో ఉగాదితో వచ్చినదీ విళంబే. మధ్వులు పుట్టిన విళంబికి అది సరిగ్గా పదమూడో ఆవృత్తి.

ఒక గురువు పేరు నిలవడానికి శిష్యుడు చేయగల సేవల్లో ఇది విచిత్రమైనది. నరహరి తీర్థులు గురువు జీవిత కాలాన్ని తెలియజేయాలని ఆ శ్లోకాలు చెక్కించలేదు. కానీ ఆరు వందల ఏళ్ల తర్వాత ఆ పని ఆ శ్లోకాలే చేశాయి.

మూలరాముడు

శాసనాలు పండితుల సొత్తు. జనం మధ్య నరహరి తీర్థుల పేరు నిలిపినది మూలరాముడి కథ. కళింగ రాజు చిన్న కొడుకును వదిలి పోయాడు. రాజ్యం చూసేవారు లేరు. మంత్రులు పట్టపుటేనుగు తొండానికి పూలమాల ఇచ్చి వదిలితే అది వెళ్లి నరహరి తీర్థుల మెడలో వేసింది. ఆయన పన్నెండేళ్లు రాజ్యం నడిపి, కుర్రవాడు ఎదిగాక అప్పగించారు. ఏం కావాలో కోరుకోమంటే భాండాగారంలోని మూలరామ, సీతా విగ్రహాలు అడిగి తీసుకున్నారు. వాటిని మధ్వాచార్యులకు సమర్పించారు. గురువు కొద్ది నెలలు పూజించి శిష్యులకు అప్పగించారు.

ఏనుగు మాల కథ పురాణాల తీరులోనే ఉంది. చరిత్ర పరంగా దాన్ని పట్టుకోనక్కరలేదు. అయితే రాజప్రతినిధిగా ఆయన అధికారం చెలాయించారన్న అంశానికీ, ప్రజలను కాపాడాడన్న శాసన వాక్యానికీ బంధుత్వం స్పష్టంగానే ఉంది. కథలో ప్రధానమైనది మరొకటి. నరహరి తీర్థులు కళింగం నుంచి తీసుకుపోయినది ఏనాటికైనా పాతబడిపోయే గౌరవం కాదు, రోజూ పూజ జరగవలసిన విగ్రహం. పూజ జరిగే ప్రతి రోజూ దాన్ని తెచ్చిందెవరన్న మాట వస్తుంది.

మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి మఠంలో మూలరామ పూజ చూడటానికి వేలమంది కూర్చుంటారు. పీఠాధిపతి స్వయంగా చేసే ఈ పూజ మఠం దినచర్యలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఉత్తరాది మఠం కూడా మూలరామ పూజను తన పరంపరకు ప్రాణంగా చెప్పుకుంటుంది. ఈ మఠాలు ఎంత దూరం జరిగినా, ఎన్ని విషయాల్లో విభేదించినా, విగ్రహం చరిత్ర చెప్పేటప్పుడు నరహరి తీర్థుల దగ్గరకు, కళింగం దగ్గరకు రాక తప్పదు. 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్ర తీర్థులకు తెలుగు, కన్నడ, తమిళ నేలల్లో ఉన్న భక్తుల సంఖ్య అపారం. వాళ్లలో చాలామందికి శ్రీకూర్మం ఎక్కడుందో తెలియకపోవచ్చు. మూలరాముడు కళింగం నుంచి వచ్చాడని మాత్రం తెలుసు.

గ్రంథాలు, దర్శనం

మధ్వాచార్యుల ముప్పై ఏడు గ్రంథాలను సర్వమూలమంటారు. వాటికి వ్యాఖ్యలు రాసిన తొలి తరంలో నరహరి తీర్థులు ఒకరు. గురువు గీతాభాష్యానికి భావప్రకాశిక అనే వ్యాఖ్య రాశారు. కర్మనిర్ణయానికి టీక రాశారు. మిగిలినవి చాలావరకు కాలగర్భంలో కలిసిపోయాయి.

ద్వైతం చెప్పేది సూటిగా ఉంటుంది. ఈ లోకం నిజం. భ్రమ కాదు. జీవుడు ఈశ్వరుడు ఒకటి కాదు. జీవుడికి జీవుడికి భేదం ఉంది, జడానికి జీవుడికి భేదం ఉంది, జడానికి జడానికీ ఉంది, ఈశ్వరుడు జడానికి వేరు. ఈ ఐదూ పంచభేదాలు. ఈశ్వరుడొక్కడే స్వతంత్రుడు. మిగతాదంతా ఆయన మీద ఆధారపడి నిజమై ఉన్నది. గుడి స్తంభం మీద చెక్కే దీపదానం లెక్క కూడా ఈ చూపులో అసత్యం కాదు. రాజ్య వ్యవహారం చూసిన యతికి ఇటువంటి దర్శనం ఇబ్బంది పెట్టే విషయం కాదు. లోకం మిథ్య అని చెప్పి ఊరి రక్షణకు పూనుకోవలసిన చిక్కు ఆయనకు లేదు.

నరహరి తీర్థుల గ్రంథాలు వెనకబడటానికి కారణం జయతీర్థులు. 1365 నుంచి 1388 దాకా పీఠంలో ఉన్న జయతీర్థులు మధ్వుల గ్రంథాలకు రాసిన టీకలు, ముఖ్యంగా న్యాయసుధ, అంత పదునైనవి, అంత సమగ్రమైనవి. ఆయనను టీకాచార్యులనే పిలుస్తారు. తర్వాత చదువుకునే విద్యార్థులు తిన్నగా ఆయన టీక తెరిచారు. తొలి తరం వ్యాఖ్యలు ప్రస్తావనల్లో మిగిలాయి. భావప్రకాశికను జయతీర్థులు, రాఘవేంద్ర తీర్థులు ప్రస్తావించారు కాబట్టి పండితులు దాన్ని వదలలేదు. కానీ ద్వైతం చదవాలంటే మొదట తెరవవలసిన గ్రంథంగా అది నిలవలేదు. పుస్తకాలనే లెక్కలోకి తీసుకుంటే నరహరి తీర్థులు ద్వైత చరిత్రలో ఒక అధోజ్ఞాపికగా మిగిలిపోయేవారు.

ఇటలీలో ఒక సమకాలికుడు

సరిగ్గా ఆ కాలంలోనే ఇటలీలో మరో యతి ఉండేవాడు. థామస్ అక్వినాస్. సిసిలీ రాజ్యంలో రొక్కసెక్కా కోటలో 1225 ప్రాంతంలో పుట్టాడు. కుటుంబం ఆయనను పెద్ద మఠానికి అధిపతిని చేయాలనుకుంటే, భిక్షాటన చేసే డొమినికన్ సంఘంలో చేరాడు. అన్నదమ్ములు పట్టుకొచ్చి దాదాపు ఏడాది కోటలో ఉంచినా మనసు మార్చుకోలేదు. సుమ్మా థియోలాజియే అనే మహాగ్రంథాన్ని పూర్తి చేయకుండానే 1274లో పోయాడు. శ్రీకూర్మం శాసనానికి ఏడేళ్ల ముందు.

అక్వినాస్ కూడా లోకం నిజమనీ, దాని ఉనికి దేవుడి మీద ఆధారపడి ఉన్నదనీ చెప్పాడు. రెండు దర్శనాలు ఒకదానికొకటి తెలియవు, పుట్టిన ఇళ్లు వేరు. అయినా ఒకే శతాబ్దంలో ఇద్దరు యతులు ఈ మాట మీద పట్టుగా నిలబడటం గమనించదగ్గది.

ఆదరణ వచ్చిన తోవలు మాత్రం వేరు. అక్వినాస్ పోయిన మూడేళ్లకు, 1277లో, పారిస్ బిషప్పు 219 ప్రతిపాదనలను ఖండించాడు. వాటిలో కొన్ని అక్వినాస్ ఆలోచనలను తాకేవే. డొమినికన్లు ఊరుకోలేదు. తమ విద్యాలయాల్లో ఆయన గ్రంథాలనే చదివించారు. 1323లో పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. నరహరి తీర్థులు పీఠమెక్కింది ఆ మరుసటి ఏడే. 1567లో చర్చి ఆచార్యుల వరుసలో చేర్చారు. 1879లో పదమూడో లియో పోపు, కాథలిక్ విద్యలో అక్వినాస్ చదువును మళ్లీ నిలబెట్టమని లేఖ రాశాడు. 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం గురువిద్యార్థులకు ఆయననే మార్గదర్శిగా చూపింది. చర్చి గురువులు కాబోయే తెలుగు యువకులు వేదాంత విద్యలో ఆయనను చదవడం ఈ తోవలోనే వచ్చింది. ఆయనను నిలిపినది పాఠ్యప్రణాళిక. గ్రంథమే ముందు నడిచింది, సంఘం దాన్ని మోసింది.

నరహరి తీర్థుల విషయంలో సంఘం ముందు నడిచింది. గ్రంథం వెనక పడ్డా పేరు పడిపోలేదు. ఇది తక్కువ రకం కీర్తి అనుకోనక్కరలేదు. చదువు రానివారి దాకా చేరే కీర్తి ఇదే.

కన్నడంలో పాట

ఉపదేశాన్ని పాటగా కట్టి జనం భాషలో పాడటం కన్నడ హరిదాసుల తోవ. ఆ తోవలో మొదటి అడుగు నరహరి తీర్థులదని కన్నడ సాహిత్య చరిత్రకారులు చాలామంది చెబుతారు. రఘుకులతిలక అన్న అంకితంతో, అంటే ముద్రతో, ఆయన కట్టిన పాటలు రెండు మూడు మాత్రమే మిగిలాయి. కళింగం మనిషి, సంస్కృత పండితుడు, కన్నడంలో పాట కట్టాడు. గురువు మాతృదేశపు జనంతో మాట్లాడాలంటే వాళ్ల నుడి కావాలని గ్రహించాడు.

ఆ పని మళ్లీ ఊపందుకోవడానికి వందేళ్లకు పైగా పట్టింది. పదిహేనో శతాబ్దంలో శ్రీపాదరాజులు, ఆ తర్వాత వ్యాసతీర్థులు, వారి శిష్యులు పురందరదాసు, కనకదాసు దాన్ని పెద్ద ప్రవాహం చేశారు. పురందరదాసు సంగీతం నేర్పే పద్ధతిని స్థిరపరిచాడని చెబుతారు. ఈనాడు విజయనగరం సంగీత కళాశాలలో చేరే పిల్లలైనా, ఊళ్లో అయ్యవారి దగ్గర కూర్చునే పిల్లలైనా మాయామాళవగౌళలో సరళీ వరుసలతో మొదలుపెట్టి, పిల్లారి గీతాలకు వెళ్లేది ఆయన వేసిన బాటలోనే. ఆ బాట ఎగువకు నడిచిపోతే చివర కనిపించేది, ఒకప్పుడు ఈ జిల్లాల్లోనే తిరిగిన యతి. విజయనగరం పేరు చెబితే ద్వారం వెంకటస్వామి నాయుడు, ఆదిభట్ల నారాయణదాసు గుర్తుకు రావడం సహజం. సంగీతంతో ఈ ప్రాంతానికున్న చుట్టరికం అంతకంటే చాలా పాతది.

కళింగంలో మఠం ఎందుకు నిలవలేదు

ముప్పై ఏళ్లు పనిచేసిన చోట నరహరి తీర్థుల మతం సంస్థగా ఎందుకు పాతుకోలేదు? కారణాలు కొన్ని కనిపిస్తాయి.

ఆయన తుంగభద్రకు వెళ్లినప్పుడు విగ్రహమూ పరంపరా కూడా వెళ్లాయి. ఆయన సమాధి, అంటే బృందావనం, హంపీ దగ్గర చక్రతీర్థంలో ఉంది. నరహరి తీర్థులు పోయిన మూడేళ్లకు, 1336లో, ఆ ఒడ్డునే విజయనగర సామ్రాజ్యం పుట్టింది. మధ్వ పీఠానికి సామ్రాజ్య రాజధాని పొరుగయింది. కృష్ణదేవరాయల కాలానికి వ్యాసతీర్థులు రాజగౌరవం పొందిన గురువు. ఆనెగొంది దగ్గర నవబృందావనంలో పద్మనాభ తీర్థుల పక్కనే వ్యాసతీర్థుల బృందావనం కూడా ఉంది. మధ్వ మతానికి గుండె చప్పుడు అక్కడ వినిపించింది.

కళింగంలో పరిస్థితి వేరు. గంగరాజుల తర్వాత వచ్చిన గజపతులకు పూరీ జగన్నాథుడే సర్వస్వం. శ్రీకూర్మం, సింహాచలం రెండూ రామానుజుల రాకను తమ స్థల చరిత్రలో చెప్పుకుంటాయి. పూజలో శ్రీవైష్ణవం స్థిరపడింది. మధ్వ ఆచార్యులు తెచ్చిన ప్రభావం శాసనాల్లో మిగిలిందే కానీ అర్చకుల వంశాల్లో మిగల్లేదు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో పొట్నూరులో జయస్తంభం నాటించి, 1516లో సింహాచలం వచ్చి స్వామికి కానుకలిచ్చాడు. వ్యాసతీర్థులను గౌరవించిన రాజు, నరహరి తీర్థుల శాసనాలున్న గుడి మెట్లెక్కాడు. అప్పటికి ఆ రెండు నేలల మధ్య మధ్వ పరంపర తెగి రెండు వందల ఏళ్లయింది.

అయినా ఆయన శ్రమ వృథా పోలేదు. ఆయన కాలంలో బలం పుంజుకున్న నరసింహ, కూర్మ క్షేత్రాలు ఉత్తరాంధ్ర పేర్లలోకే ఇంకిపోయాయి. సింహాచలం, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, అప్పలరాజు, కూర్మారావు, కూర్మినాయుడు. గరివిడి, చీపురుపల్లి, గుర్ల వైపు ఏ ఊళ్లో ఓటర్ల జాబితా తీసినా ఈ పేర్లు దండిగా ఉంటాయి. చందనోత్సవం నాడు నిజరూప దర్శనానికి, ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణకు ఈ ఊళ్ల నుంచి జనం బస్సులు కట్టుకుని పోతారు. ద్వైతమన్న మాట వినని ఇళ్లలో కూడా స్వామి నిజం, జీవుడు ఆయన బంటు అన్న నమ్మకం గట్టిగానే ఉంది.

చైతన్యుడి తోవలో

నరహరి తీర్థుల పేరు దక్షిణాదిని దాటి ప్రపంచమంతా తిరగడానికి మరో కారణం బెంగాల్ వైష్ణవం. చైతన్య మహాప్రభువు 1510లో పూరీ నుంచి దక్షిణ యాత్రకు బయలుదేరి మొదట వచ్చిన పెద్ద క్షేత్రాల్లో శ్రీకూర్మం ఒకటి. అక్కడ కూర్ముడనే బ్రాహ్మణుడి ఇంట ఆతిథ్యం తీసుకున్నాడని, వాసుదేవుడనే కుష్ఠురోగిని కౌగిలించుకున్నాడని చైతన్య చరితామృతం చెబుతుంది. అక్కడి నుంచి సింహాచలం, ఆ పిమ్మట గోదావరి తీరం.

చైతన్యుడి అనుయాయులు తమ పరంపరను మధ్వ గురువులతో కలిపి చెప్పుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో బలదేవ విద్యాభూషణుడు ఈ వరుసను గట్టిగా నిలబెట్టాడు. మధ్వులు, పద్మనాభులు, ఆ తర్వాత నృహరి. ఈ నృహరి నరహరి తీర్థులే. ఈ లంకె చారిత్రకంగా ఎంత బలమైనదన్న చర్చ పండితుల్లో ఉంది. ఆచరణలో మాత్రం దాని ఫలితం పెద్దది. 1966లో న్యూయార్క్‌లో ఇస్కాన్ స్థాపించిన భక్తివేదాంత స్వామి తన భగవద్గీత యథాతథం మొదట్లో గురుపరంపర అచ్చువేశారు. అందులో ఏడో పేరు నృహరి. ఆ గీత ఎన్ని భాషల్లోకి పోయిందో అన్ని భాషల్లోకీ ఆ పేరు పోయింది. గీతకు భావప్రకాశిక రాసిన వ్యాఖ్యాత పేరు, ఆయన వ్యాఖ్య చదవనివారి చేతుల్లోకి, మరో గీత వ్యాఖ్య వెంట చేరింది.

ఆరాధన, శాసనాలు

హంపీ చక్రతీర్థంలో ఆరాధన మూడు రోజులు. పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన. తెల్లవారుజామున బృందావనానికి పంచామృతాభిషేకం చేస్తారు. తర్వాత అలంకారం, హస్తోదకం, వచ్చినవారికి తీర్థప్రసాదాలు, భోజనాలు. పండితుల ఉపన్యాసాల్లో కళింగ పాలన, మూలరాముడి రాక తప్పకుండా వస్తాయి.

ఉత్తరాంధ్రలో కూడా ఆయనను వెతికే పని ఆగలేదు. సింహాచలం ఆలయంలో మూడడుగుల ఎత్తున్న ఒక యతి శిల్పాన్ని నరహరి తీర్థులదిగా గుర్తించినట్టు 2025లో పరిశోధకులు ప్రకటించారు. చేతిలో తాళపత్రాలు, ఇరుపక్కలా భక్తులు ఉన్న శిల్పమది. శ్రీకూర్మం శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటిలో, సింహాచలం శాసనాల పాఠాలు ఆరో సంపుటిలో ఉన్నాయి. తొమ్మిది శ్లోకాల శాసనానికి కృష్ణశాస్త్రి చేసిన పరిష్కారం, అనువాదం ఎపిగ్రాఫియా ఇండికాలో ఉన్నాయి. ఈ సంపుటాలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. శ్రీకూర్మం వెళ్లేవారు ఆ పాఠం వెంట తీసుకువెళితే స్తంభాల మధ్య నిలబడి పురుషోత్తమ తీర్థులు, ఆనందతీర్థులు, నరహరి తీర్థుల పేర్లున్న శ్లోకాలను వరుసగా చదువుకోవచ్చు.